తిరగని రాడార్

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలకు కొన్నేళ్ల క్రితం మా డిగ్రీ విద్యార్థులను తీసుకువెళ్లాను. ఒక్కో వైపు 130 మీటర్లున్న చదునైన నేలలో, 32 వరుసలుగా, వరుసకు 32 చొప్పున 1024 యాంటెన్నాలు ఆకాశం కేసి నిలబడి ఉంటాయి. అవన్నీ కలిసి ఒకే రాడార్. వాటిని చాలాసేపు చూసిన ఒక కుర్రవాడు, "ఇది తిరగదు కదా సార్! తిరగకపోతే నాలుగు దిక్కులు ఎట్లా చూస్తుంది?" అని అడిగాడు. విమానాలను, క్షిపణులను నేలమీదినుంచి కూల్చే వ్యవస్థల గురించి ఆ తర్వాత నేను చదివినదంతా నన్ను ఆ ప్రశ్న దగ్గరికే తీసుకువచ్చింది.

ఆ రోజు నేను బ్రహ్మోత్సవాల కోలాటంతో జవాబు చెప్పాను. ఒకే వరుసలో నిలబడినవాళ్లంతా ఒకేసారి అడుగు వేస్తే వరుస నేరుగా ముందుకు సాగుతుంది. ఎడమ చివరి మనిషి ముందు కదిలి, పక్కవాళ్లు ఒకరి తర్వాత ఒకరు రవ్వంత ఆలస్యంగా కదిలితే వరుస ఏటవాలై, దాని ముఖం కుడివైపుకు మళ్లుతుంది. యాంటెన్నాల నుంచి వెలువడే తరంగాలదీ ఇదే తీరు. ఒక్కోదానికి ఇచ్చే ఆలస్యాన్ని మారిస్తే చాలు, యాంటెన్నా అంగుళం కూడా కదలకుండానే కిరణపుంజం పక్కకు తిరుగుతుంది. దీనినే ఫేజ్డ్ అర్రే అంటారు.

గాదంకి రాడార్ పై గాలులను పరిశీలించేదే తప్ప దానికి యుద్ధంతో సంబంధం లేదు. అది వాడే 53 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 5.7 మీటర్లు కనుక పుంజాన్ని సన్నగా ఉంచడానికి అంత పొలం కావలసి వచ్చింది. తరంగం 5 సెంటీమీటర్లదైతే అంతే సన్నని పుంజానికి మీటరుకు కొంచెం మించిన పలక సరిపోతుంది. శత్రు విమానాలను నేలమీదినుంచి కూల్చే మన ఆకాశ్ క్షిపణికి కళ్లయిన రాజేంద్ర రాడార్ బండిమీద ఇమడడానికి కారణం ఇదే.

1983లో అబ్దుల్ కలాం నాయకత్వంలో మొదలైన కార్యక్రమంలో పుట్టిన ఆకాశ్ బరువు దాదాపు 720 కిలోలు. గాలిని పీల్చుకుంటూ మండే రామ్‌జెట్ ఇంజిన్ కారణంగా అది లక్ష్యాన్ని చేరేవరకూ వేగం సడలనివ్వదు. అయినా తొలి ఆకాశ్‌కు సొంత చూపు లేదు. ఎటు మళ్లాలో నేలమీది రాడారే ఆద్యంతం చెప్పాలి. ఒక పుంజమే క్షణానికో లక్ష్యంపైకి దూకుతూ శత్రు విమానాలనూ మన క్షిపణులనూ ఏకకాలంలో కనిపెట్టుకొని ఉండాలి. యాంటెన్నాను మోటారుతో తిప్పి ఇంత వేగం సాధించడం అసాధ్యం. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గరి సూర్యలంకలో ఒకే రాడార్‌తో నడిచే ఒక ఆకాశ్ ఫైరింగ్ యూనిట్ సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని 4 లక్ష్యాలను ఏకకాలంలో ఛేదించింది. ఆ వార్తల్లో అందరూ క్షిపణిని మెచ్చుకుంటుంటే నాకు రాడారే గుర్తుకు వచ్చింది.

సముద్రం మీద కష్టం ఇంకా ఎక్కువ. భూమి గుండ్రంగా ఉండటం వల్ల, 20 మీటర్ల ఎత్తున ఉన్న రాడార్‌కు నీటికి 5 మీటర్ల ఎత్తున వచ్చే క్షిపణి సుమారు 28 కిలోమీటర్ల దూరానికి వస్తే గానీ కనిపించదు. అది సెకనుకు 300 మీటర్ల వేగంతో వస్తుంటే మిగిలేది నిమిషంన్నర. 1982 మే 4న ఫాక్లాండ్ యుద్ధంలో అలలను రాసుకుంటూ వచ్చిన ఎక్సోసెట్ క్షిపణి బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌ను తాకినప్పుడు 20 మంది నావికులు మరణించారు. ఆ లెక్క వేసినప్పుడల్లా నాకు వారే గుర్తుకు వస్తారు.

అందుకే, 2021 నవంబరులో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం యుద్ధనౌకపై, దూసుకొచ్చే క్షిపణులను కూల్చే బరాక్-8 క్షిపణులు డెక్‌లోని గొట్టాల్లో నిటారుగా నిలబడి ఉంటాయి. లాంచర్‌ను శత్రువు వైపు తిప్పే సెకన్లు కూడా మిగులుతాయి; పైకి లేచాక క్షిపణే మళ్లుతుంది, చివరి దశలో తన ముక్కులోని రాడార్‌తో లక్ష్యాన్ని తానే వెతుక్కుంటుంది. దాని రాకెట్ మోటారు రెండు విడతలుగా మండడం వల్ల, శత్రు క్షిపణి మెలికలు తిరిగినా వెంటాడే సత్తువ ఆఖరి క్షణాల్లోనూ ఉంటుంది.

ఆ నౌక ఫొటోలో ప్రధాన స్తంభం మీద చదునైన రాడార్ పలకలు కనిపిస్తాయి. పుంజాన్ని ఒక హద్దుకు మించి పక్కకు వంచితే అది బలహీనపడుతుంది కనుక, ఒక్క పలక నాలుగు దిక్కులూ చూడలేదు. నాలుగు పలకలు నాలుగు వైపులకు బిగించారు. ఏదీ తిరగదు. ఆనాడు ఆ కుర్రవాడికి నేను చెప్పినది సగం జవాబే. మిగతా సగం ఈ ఫొటోలో ఉంది.