కరివేపాకు గొంగళిపురుగులు: ప్యూపాలోంచి మళ్లీ కందిరీగలే

ఈసారీ అదే జరిగింది. ఇవాళో రేపో నిమ్మ సీతాకోకచిలుక రెక్కలు విప్పుతుందని అపార్ట్‌మెంట్ పిల్లలంతా పొద్దున్నే మా బాల్కనీకి చేరారు. చూస్తే ప్యూపాకి, అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూటికి, ఒక పక్కన గుండ్రటి కన్నం. లోపలినుంచి ఒకదాని వెనక ఒకటి ముదురాకుపచ్చగా మెరిసే బుల్లి కందిరీగలు. "ఆంటీ, ఇవి కూడా మనం పెంచినవేనా?" అని రెండో ఫ్లోర్ పిల్లాడు అడిగాడు. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

జిల్లేడు మీది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకలు హాయిగా ఎగిరిపోయాయి. కుండీలోని కరివేపాకు మీద ఉన్నవాటికే ఈ గొడవ.

కొలతలు రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. ప్యూపా పొడవు 30 మి.మీ. కందిరీగ 2 మి.మీ. పైన, కన్నం 1 మి.మీ. లోపే. చెడిన ప్యూపా గోధుమరంగుకి తిరిగి, తాకినా కదలదు. బాగున్నదైతే చివరి రోజు పైపొర పలచబడి లోపల రెక్కల మచ్చలు కనిపిస్తాయి. దీనికి రెండు వారాలు దాటినా ఆ మచ్చలు రాలేదు.

ఇవి టెరోమాలస్ అనే, ప్యూపా లోపల దాన్నే తింటూ పెరిగే కందిరీగల రకానివని నా అనుమానం. అవి గొంగళిపురుగు దగ్గరే కాచుకుని ఉండి, అది చర్మం వదిలి ప్యూపా అయిన వెంటనే, పెంకు మెత్తగా ఉన్నప్పుడే లోపల గుడ్లు పెడతాయి. మరి మేం పురుగుల్ని పెంచే జాలీ బుట్టలోకి ఎలా వచ్చాయి? స్కేలు పెట్టి చూస్తే సెంటీమీటరుకి 6 కన్నాలున్నాయి. అందులోంచి సన్నటి కందిరీగ దూరడం కష్టమేమీ కాదు. కోసి తెచ్చిన రెమ్మలతో వచ్చిందేమో అని కూడా అనుకున్నాను.

కానీ మా అమ్మాయి నోట్‌బుక్ వేరే సంగతి చెప్పింది. ఏ ప్యూపా ఎక్కడ అతుక్కుందో తను బొమ్మ గీసి పెట్టుకుంది. జాలీ గోడకి అతుక్కున్నవే పోయాయి, మధ్యలో పుల్ల మీదున్నవి బతికాయి. అంటే కందిరీగ లోపలికి రాకుండా, బయట కూర్చునే జాలీలోంచి గుచ్చి ఉండాలి! ఇది పిల్లలు పట్టిన ఆధారం, నాకైతే చాలా గర్వంగా ఉంది.

ఈ పనికి ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ జాలీ బుట్టలు కొనకండి, చాలావాటికి పెద్ద కన్నాలే. పాత వాయిల్ చీర ముక్క వాటికంటే నయం. కందిరీగని చూడటానికి ఫోల్డ్‌స్కోప్ (కాగితం మడిచి చేసే మైక్రోస్కోప్) బయటికి తీశాం గానీ 140 రెట్లలో కాలు తప్ప ఏమీ కనబడదు. దీనికి 10ఎక్స్ భూతద్దమే సరి. ఫోల్డ్‌స్కోప్‌ని సీతాకోకచిలుక రెక్కల పొలుసులకి దాచుకోండి.

ఇక తిండి మానేసి, నీళ్ల రెట్ట వేసి తిరగడం మొదలుపెట్టిన పురుగుని వెంటనే వాయిల్ కట్టిన డబ్బాలో, గుడ్డకి దూరంగా నిలబెట్టిన పుల్ల మీదకి మార్చాలి. పెంకు గట్టిపడేదాకా అంటే రెండు రోజులు అక్కడే. ఇంకోదాన్ని పోల్చడానికి జాలీలోనే వదులుతాం. పిల్లలకి ఇది ఇష్టం లేదు, ఒప్పించాలి. వానలు పడ్డాక టెర్రస్ మీద తెల్ల దుప్పటి కట్టి, లైటు పెట్టి రాత్రి చిమ్మటలు చూద్దామని పెద్దపిల్లలు అంటున్నారు. దానికి వాచ్‌మన్‌తో మాట్లాడి నీళ్ల ట్యాంకు పక్కన ప్లగ్ పాయింటు అడగాలి.