గోడ మీది నత్త

కిటికీ కింద గోడకు అతుక్కున్న ఒక నత్త ఎండలు మొదలైనప్పటి నుంచి కదల్లేదు. చచ్చిపోయిందనే అనుకున్నాను. పీకేద్దామని రెండుసార్లు చెయ్యి పెట్టి, ఎందుకో ఆగాను. నిన్న రాత్రి వాన పడింది. పొద్దున చూస్తే నత్త లేదు, గోడ మీద మూరెడు పొడవున మెరిసే జిగురు చార ఉంది!

వెతికితే తడి ఆకుల కింద దొరికింది. అక్కడే కూర్చుని అరగంట చూశాను. పొడవాటి కొమ్ముల చివర కళ్లు. వేలు దగ్గరికి తెస్తే లోపలికి ముడిచేసుకుంటోంది. కింది పొట్టి కొమ్ములతో నేలను తడుముతూ, వాసన పట్టుకుంటూ పోతోంది. ఆకును గీరి తినడానికి నాలుకలాంటి పట్టీ మీద వేల పళ్లుంటాయట, అరిగినకొద్దీ కొత్త వరసలు వస్తూనే ఉంటాయి. గుల్లను ఇల్లు అంటాం గానీ అది దాని ఒంట్లో భాగమే, వదిలి బతకలేదు.

ఎండల్లో అది చేసిన పనే నా మనసులోంచి పోవడం లేదు. గుల్ల మూతికి జిగురుతో పొర కట్టేసుకుని, ఒంట్లో తడి ఆరిపోకుండా కాచుకుని, గుండె వేగం కూడా తగ్గించుకుని లోపల ఉండిపోయింది.

ఇలాంటిదే ఒక ఈజిప్టు ఎడారి నత్త. 1846లో బ్రిటిష్ మ్యూజియంలో దాన్ని ఖాళీ గుల్ల అనుకుని అట్టకు అంటించేశారు. 1850లో అనుమానం వచ్చి గోరువెచ్చని నీళ్లలో పెడితే బయటికొచ్చి పాకింది. నాలుగేళ్లు! తిండీ లేదు, నీళ్లూ లేవు.

మా గోడ మీద నత్త అతుక్కున్న చోట తెల్లటి వలయం ఇంకా ఉంది. దాన్ని ఎవరినీ తుడవనివ్వడం లేదు.