పీసీకి సొంత సర్క్యూట్‌ను కలపడం: సమయాన్ని ఎవరు లెక్కపెట్టాలి?

స్వయంగా సోల్డర్ చేసిన చిన్న సర్క్యూట్‌ను కంప్యూటర్‌కు కలపాలనుకునేవారికి మొదట తట్టే ప్రశ్న ఏ వైరు ఎక్కడికి వెళ్లాలన్నది. వైర్ల సంగతి డేటాషీట్, అంటే చిప్పు తయారీదారు ఇచ్చే వివరపత్రం, చూస్తే తేలిపోతుంది. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: సమయాన్ని లెక్కపెట్టే బాధ్యత కంప్యూటర్‌దా, సర్క్యూట్‌దా? మోటారు ఎప్పుడు కదలాలి, సెన్సర్‌ను ఎప్పుడు చదవాలి, హీటర్‌ను ఎప్పుడు ఆపాలి అనే నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయన్నదానిపైనే పోర్టు ఎంపిక, ప్రోగ్రాం రాసే తీరు, చివరకు పరికరం భద్రత కూడా ఆధారపడి ఉంటాయి. నేను చూసినంతలో, ఇబ్బంది పెట్టిన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్నను వేసుకోకుండా మొదలుపెట్టినవే.

ఒకప్పుడు ఈ ప్రశ్న వేసుకోవలసిన అవసరం అంతగా ఉండేది కాదు. 1981లో ఐబీఎం పీసీతో పాటు ప్రింటర్ కోసం వచ్చిన ప్యారలల్ పోర్టు చాలా ఏళ్లపాటు అభిరుచి గలవారికి సిద్ధంగా దొరికిన ప్రయోగశాలగా పనిచేసింది. దాని 25 పిన్నులలో 2 నుంచి 9 వరకు ఎనిమిది డేటా పిన్నులు, ఐదు స్థితిని తెలిపే ఇన్‌పుట్లు, నాలుగు నియంత్రణ పిన్నులు, 18 నుంచి 25 వరకు గ్రౌండ్ ఉండేవి. సాధారణంగా హెక్సాడెసిమల్‌లో 378 అనే చిరునామాకు ఒక సంఖ్య రాస్తే చాలు, ఆ సంఖ్యలోని ఎనిమిది బిట్లు ఎనిమిది పిన్నులపై ఒకేసారి వోల్టేజీలుగా కనిపించేవి. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే కాలంలో యంత్రమంతా ఒకే ప్రోగ్రాం అధీనంలో ఉండేది కనుక, ఒక లూప్ రాసి, పల్సుకొక అడుగు చొప్పున తిరిగే స్టెప్పర్ మోటారును నేరుగా తిప్పడం కుదిరేది.

ఆ పోర్టుకు తనదైన పెంకితనం లేకపోలేదు. 11వ పిన్ను, అంటే బిజీ సిగ్నల్, హార్డ్‌వేర్‌లోనే తిరగబడి వచ్చేది కాబట్టి, దానికి ఐదు వోల్టులు ఇస్తే ప్రోగ్రాంకు సున్నా కనిపించేది. తొలినాటి కార్డుల్లో డేటా పిన్నుల వెనుక ఉన్న 74ఎల్ఎస్374 చిప్పు ఒక్కో పిన్ను నుంచి బయటకు 2.6 మిల్లీఆంపియర్లే ఇవ్వగలిగినా, లోపలికి 24 మిల్లీఆంపియర్ల వరకు తీసుకోగలిగేది. అందువల్ల ఎల్ఈడీని, రెసిస్టర్‌ను పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య పెట్టడం కన్నా, బయటి ఐదు వోల్టుల సప్లైకీ పిన్నుకూ మధ్య పెట్టి, పిన్ను సున్నా అయినప్పుడు వెలిగేలా అమర్చడం మేలైన పద్ధతి. పోర్టు విద్యుత్తును సరఫరా చేసేది కాదు, సంకేతాన్ని మాత్రమే ఇచ్చేది.

తరువాత వచ్చిన విండోస్ ఎన్‌టీ, ఎక్స్‌పీ వంటి వ్యవస్థలు మామూలు ప్రోగ్రాంలను పోర్టు చిరునామాల జోలికి పోనివ్వలేదు. డ్రైవర్‌తో ఆ అడ్డంకిని దాటవచ్చు. లైనక్స్‌లోనైతే తగిన అనుమతి తీసుకుంటే సరిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం సమయం విషయంలో జరిగింది. అనేక పనులను ఒకేసారి నడిపే వ్యవస్థ ఏ క్షణంలోనైనా మన ప్రోగ్రాంను కొన్ని మిల్లీసెకన్లపాటు పక్కన పెట్టి వేరే పని చూసుకోవచ్చు. రెండు మిల్లీసెకన్లకొక పల్సు అందవలసిన స్టెప్పర్ మోటారు ఆ విరామంలో తడబడి, అడుగులు తప్పుతుంది. యంత్రాలను నడిపే లైనక్స్‌సీఎన్‌సీ వంటి సాఫ్ట్‌వేర్, సమయానికి పని జరిగేలా చూసే రియల్‌టైమ్ కెర్నెల్ సాయంతో ఇప్పటికీ ప్యారలల్ పోర్టు నుంచే స్టెప్ పల్సులు పంపగలదు కానీ, దాన్ని ఏర్పాటు చేసుకోవడమే ఒక ప్రత్యేక విద్య.

1996లో మొదటి ప్రమాణంతో వచ్చిన యూఎస్‌బీ ఈ సమస్యను మరింత స్పష్టం చేసింది. యూఎస్‌బీలో పరికరం తనంతట తాను మాట్లాడదు. కంప్యూటర్ అడిగినప్పుడే బదులిస్తుంది. ఫుల్ స్పీడ్ అనే వేగంలో ఈ సంభాషణ ఒక్కో మిల్లీసెకను నిడివి గల ఫ్రేములుగా సాగుతుంది కనుక, ఒక పిన్నును పైకి లేపి, దాని స్థితిని చదివి, మళ్లీ దించే ప్రతి వలయానికీ మిల్లీసెకన్లు ఖర్చవుతాయి. యూఎస్‌బీని సీరియల్‌గా, అంటే బిట్లను ఒకదాని తరువాత ఒకటిగా పంపే పద్ధతిలోకి, మార్చే ఎఫ్‌టీ232 చిప్పు, తన దగ్గర కొద్దిపాటి డేటా మాత్రమే ఉంటే, డ్రైవర్ సెట్టింగులను మార్చనంతవరకు దాన్ని 16 మిల్లీసెకన్ల దాకా ఆపి పంపుతుంది. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే ప్రింటర్ కేబుల్ కొనుక్కుంటే పాత ప్రోగ్రాంలు నడుస్తాయని ఆశపడటమూ వృథాయే. ఆ కేబుల్ కంప్యూటర్‌కు ప్రింటర్ మార్గంగా కనిపిస్తుందే తప్ప 378 చిరునామాలో కనిపించదు.

కాబట్టి సమయాన్ని లెక్కపెట్టే పనిని మైక్రోకంట్రోలర్‌కు, అంటే సర్క్యూట్‌లోనే ఉండి ఒకే ప్రోగ్రాంను నడిపే చిన్న కంప్యూటర్ చిప్పుకు, అప్పగించి, కంప్యూటర్‌ను ఆదేశించడానికి, నమోదు చేయడానికి, గీసి చూపించడానికి పరిమితం చేయాలన్నది నా అభిప్రాయం. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో మొదలైన ఆర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుల ప్రాజెక్టు ఈ పద్ధతిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. కంప్యూటర్ ప్రతి అడుగుకూ ఒక పల్సు పంపే బదులు, ఇన్ని అడుగులు ఈ వేగంతో వెళ్లమని ఒక్క మాట చెబితే, మిగిలినది మైక్రోకంట్రోలర్‌లోని టైమర్ చూసుకుంటుంది. కొలతల విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. ఆర్డుయినో ఊనో బోర్డులో వోల్టేజీని సంఖ్యగా మార్చే 10 బిట్ల ఏడీసీ ఐదు వోల్టులను 1024 మెట్లుగా, అంటే ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులుగా విభజిస్తుంది. ఆ విలువను పంపేటప్పుడే బోర్డు తన గడియారంలోని మిల్లీసెకన్ల లెక్కను కూడా జోడించాలి. విలువ కంప్యూటర్‌కు చేరిన సమయాన్ని కొలిచిన సమయంగా రాసుకుంటే, యూఎస్‌బీ దారిలోని ఆలస్యాలన్నీ గ్రాఫులో వంకరలుగా తేలతాయి. ఆ మిల్లీసెకన్ల లెక్క సుమారు 50 రోజులకు మళ్లీ సున్నాకు వస్తుందన్నది, నెలల తరబడి నడిచే పరికరాలు చేసేవారు గుర్తుంచుకోవలసిన సంగతి.

కంప్యూటర్‌కూ మైక్రోకంట్రోలర్‌కూ మధ్య సంభాషణకు నేను ఇప్పటికీ సీరియల్ పద్ధతినే, అందులోనూ చదవగలిగే వాక్యపంక్తులనే ఇష్టపడతాను. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక్కో అక్షరానికి ఆరంభ, ముగింపు బిట్లతో కలిపి పది బిట్లు పడతాయి కనుక సెకనుకు 960 అక్షరాలు వెళ్తాయి. గది ఉష్ణోగ్రత కొలవడానికి ఇది కావలసినదానికన్నా ఎక్కువే. ఒక అక్షరం, ఒక ఖాళీ, ఒక సంఖ్య, చివర కొత్త పంక్తి గుర్తు అన్నంత సాదాగా ఆదేశాలు ఉంటే, ప్రోగ్రాం రాయకముందే టెర్మినల్ తెరిచి చేత్తో టైపు చేసి పరికరాన్ని పరీక్షించవచ్చు. బైనరీ పద్ధతి వేగవంతమైనదే అయినా, సందేశం ఎక్కడ మొదలైందో తెలిపే గుర్తు, పొడవు, తప్పులను పట్టుకునే చెక్‌సమ్ వంటివన్నీ మనమే కట్టుకోవాలి. ఆ శ్రమ నిజంగా వేగం అవసరమైన చోట పడితే చాలు.

సీరియల్ పోర్టు నుంచి చదివిన ప్రతిసారీ ఒక పూర్తి పంక్తి దొరుకుతుందనుకోకూడదు. అక్కడ దొరికేది అక్షరాల ప్రవాహం మాత్రమే. సగం పంక్తి ఇప్పుడు, మిగిలిన సగం తరువాత రావచ్చు. కొత్త పంక్తి గుర్తు వచ్చేదాకా అక్షరాలను పోగుచేసుకుని, అప్పుడే అర్థం తీయాలి; పోర్టు తెరిచిన వెంటనే వచ్చే మొదటి పంక్తిని తునకగా భావించి వదిలేయాలి. ఊనో బోర్డు విషయంలో ఇంకొక మెలిక ఉంది. కంప్యూటర్ పోర్టును తెరవగానే, తాను సిద్ధమని తెలిపే డీటీఆర్ సిగ్నల్ ఒక కెపాసిటర్ ద్వారా బోర్డును రీసెట్ చేస్తుంది. రీసెట్ అయ్యాక ముందుగా నడిచే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం పూర్తయ్యేలోపు పంపిన ఆదేశాలు ప్రోగ్రాంకు చేరకుండానే పోతాయి. సెకన్లు లెక్కపెట్టి ఆగే బదులు, సిద్ధమయ్యాక బోర్డే ఒక మాట పంపేలా రాసి, కంప్యూటర్ దాని కోసం వేచి ఉండేలా చేయడం నమ్మకమైన మార్గం.

వోల్టేజీల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. పాత కంప్యూటర్ల ఆర్ఎస్-232 అనే సీరియల్ పోర్టులో సున్నా అంటే 3 నుంచి 15 వరకు ధన వోల్టులు, ఒకటి అంటే అంతే ఋణ వోల్టులు. దాన్ని నేరుగా మైక్రోకంట్రోలర్ పిన్నుకు తగిలిస్తే చిప్పు పాడవుతుంది కనుక మధ్యలో వోల్టేజీలను మార్చే మ్యాక్స్232 వంటి చిప్పు ఉండాలి. ఐదు వోల్టుల బోర్డు పంపే సంకేతాన్ని 3.3 వోల్టుల బోర్డుకు ఇచ్చేటప్పుడు ఒక కిలోఓమ్, రెండు కిలోఓమ్ రెసిస్టర్లతో విభజించాలి. మోటార్లకు, రిలేలకు విడిగా సప్లై ఇచ్చి గ్రౌండ్లను మాత్రం కలపాలి; యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి 500 మిల్లీఆంపియర్లకు మించి ఆశించకూడదు. రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ తప్పనిసరి; యూఎల్ఎన్2003 అనే డ్రైవర్ చిప్పు వాడితే అందులోని ఏడు డ్రైవర్లకూ డయోడ్లు లోపలే ఉంటాయి, వాటి ఉమ్మడి పిన్నును రిలే సప్లైకి కలపడం మరవకూడదు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో యూఎస్‌బీ గ్రౌండ్ సాధారణంగా క్యాబినెట్‌కూ, దాని ద్వారా ప్లగ్గులోని ఎర్త్‌కూ కలిసి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్ ద్వారా మెయిన్స్ నుంచి నేరుగా వోల్టేజీ తగ్గించుకునే సర్క్యూట్ గ్రౌండ్‌ను దానికి కలిపితే, మెయిన్స్ కరెంటు కంప్యూటర్ గుండా ఎర్త్‌లోకి ప్రవహించే ప్రమాదం ఉంది. మధ్యలో యూఎస్‌బీ హబ్ పెట్టినంత మాత్రాన రక్షణ రాదు, ఎందుకంటే మామూలు హబ్ గ్రౌండ్‌ను యథాతథంగా దాటనిస్తుంది. అటువంటి చోట పీసీ817 వంటి ఆప్టోకప్లర్ ద్వారా, అంటే వెలుతురు రూపంలో మాత్రమే, సంకేతం దాటాలి. మెయిన్స్ అనుభవం లేనివారు ఆ వైపు సర్క్యూట్‌ను స్వయంగా కట్టకపోవడమే మంచిది.

సమయం బాధ్యత మైక్రోకంట్రోలర్‌కు ఇవ్వడంలోని అసలు ప్రయోజనం కంప్యూటర్ మాయమైనప్పుడు తెలుస్తుంది. కంప్యూటర్ నిద్రావస్థలోకి వెళ్లవచ్చు, అప్‌డేట్ కోసం తనంతట తాను రీస్టార్ట్ కావచ్చు, ప్రోగ్రాం నిలిచిపోవచ్చు, కేబుల్ ఊడిపోవచ్చు. హీటర్‌ను వెలిగించమన్న ఆదేశం అందాక, ఆపమన్న ఆదేశం ఎప్పటికీ రాకపోతే ఏం జరగాలో బోర్డులోని ప్రోగ్రాంకే తెలిసి ఉండాలి. అందుకని కంప్యూటర్ సెకనుకొకసారి ఒక అక్షరం పంపుతూ ఉండేలా, అయిదు సెకన్లపాటు అది రాకపోతే బోర్డు అన్ని అవుట్‌పుట్లనూ ఆపేసేలా రాస్తాను. రీసెట్ సమయంలో బోర్డు పిన్నులు ఇన్‌పుట్లుగా మారి ఏ స్థాయికీ చెందకుండా ఉంటాయి కనుక, హీటర్‌కు స్విచ్చుగా పనిచేసే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ గేటుకూ గ్రౌండ్‌కూ మధ్య 10 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి ఆ క్షణంలోనూ అది ఆగి ఉండేలా చూడాలి. ఇవన్నీ పెట్టాక హీటర్ స్థానంలో ఎల్ఈడీ ఉంచి, పని నడుస్తుండగా ముందు ప్రోగ్రాంను మధ్యలో ఆపి, తరువాత కంప్యూటర్‌ను నిద్రావస్థకు పంపి, చివరగా బోర్డుకు విడి సప్లై ఇచ్చి యూఎస్‌బీ కేబుల్‌ను లాగి పరీక్షించాలి. మూడు సందర్భాల్లోనూ ఎల్ఈడీ ఆరిపోయాకే హీటర్‌ను తగిలించాలి.