కోటిలో ఒక్క కిరణం

శుక్రవారం రాత్రి

ఈరోజంతా స్టోర్స్‌లోనే సరిపోయింది. పారాసిటమాల్ లాట్ దిగింది. డ్రమ్ము మూత తీయడం, లోపలి పాలిథిన్ సంచికి, లేజర్ వేసి సరుకేదో చెప్పే రామన్ మెషిన్ ఆనించి బటన్ నొక్కడం. సంచి ముడి విప్పక్కర్లేదు. కాసేపట్లో తెరమీద ‘పాస్’ అని పడుతుంది. జీడిమెట్లలో ఇది రోజూ చేసే పనే.

కొత్త ట్రైనీ అమ్మాయి బ్యాచ్ నంబర్లు రాసుకుంటూ, "మేడమ్, మనం కెమిస్ట్రీ చదివి మందులు చేస్తున్నాం. ఫిజిక్స్ వాళ్లు ఏం చేస్తారు?" అంది.

"నీ చేతిలోని మెషిన్ ఎవరి పుణ్యమనుకున్నావ్?" అన్నాను. లంచ్ టైమంతా ఆ ముచ్చటే.

లేజర్ పొడి మీద పడి చెదిరితే, దాదాపు అంతా వచ్చిన రంగులోనే తిరిగొస్తుంది. ఏ కోటిలో ఒక్క ఫోటానో (వెలుగు కణమో) అణువును ఊపి, కొంత శక్తి దానికిచ్చి, రంగు మారి బయటపడుతుంది. ఎంత మారిందన్నది అణువులోని బంధాలను బట్టి ఉంటుంది. అందుకే పారాసిటమాల్ ఎక్కడ తయారైనా దాని పీక్‌లు, అంటే ఆ మారిన రంగుల గ్రాఫ్‌లో లేచే శిఖరాలు, అక్కడే వస్తాయి.

1921లో ఓడలో వెళ్తూ సి.వి. రామన్ మధ్యధరా సముద్రం నీలం ఎక్కడిదని ఆలోచించారు. ఆకాశం ప్రతిబింబమే అన్న మాటతో ఆయన తృప్తిపడలేదు. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి కథ. 1923లోనే ఆయన శిష్యుడు కె.ఆర్. రామనాథన్‌కు చెదిరిన వెలుగులో వేరే రంగు లీలగా కనిపించింది. ద్రవంలోని మలినాల ఫ్లోరసెన్స్ (వెలుగును పీల్చుకుని వేరే రంగులో మెరవడం) కాబోలని మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. అయినా పోలేదు! 1928లో కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి రామన్ అరవై దాకా ద్రవాలు చూశారు, అన్నిట్లోనూ అదే. మాకు ఇప్పటికీ ఫ్లోరసెన్స్‌తో తంటానే. రంగున్న ముడిసరుకు పెడితే పీక్‌లన్నీ అందులో మునిగిపోతాయి. వాళ్లు మొదట ఎండతో, రంగు ఫిల్టర్లతో, కంటితో పట్టుకున్నారంటే చేతులెత్తి దండం పెట్టాలి.

ఏ పీక్ రావాలో, ఏది రాకూడదో అణువు సౌష్ఠవాన్ని, అంటే ఆకారంలోని సమరూపతను బట్టి లెక్కగట్టిన వాళ్లలో మన సూరి భగవంతం గారొకరు. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసిన మనిషి, 1952లో ఉస్మానియాకి వైస్‌చాన్సలర్ అయ్యారు. అక్కడే చదివిన ఈ పిల్ల ఆయన పేరే వినలేదంది. మనసు చివుక్కుమంది. తప్పు తనది కాదు, చెప్పినవాళ్లు లేరు.

మధ్యాహ్నం ‘పాస్’ దగ్గర ఆగకుండా స్పెక్ట్రమ్, అంటే ఆ పీక్‌ల గ్రాఫ్, తెరిచి చూపించాను. రంగు ఎంత మారిందో చెప్పే అంకెల్లో 1648 దగ్గర ఉన్నది కార్బన్, ఆక్సిజన్ బంధం ఊగడం వల్ల వచ్చే పీక్ అనగానే, 857 దగ్గరున్న దాని మీద వేలు పెట్టి "మరి ఇది?" అంది. ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాం. డ్రమ్ములన్నీ అయ్యేసరికి ఆరు దాటింది. రేపు లాక్టోజ్ వస్తే అది కూడా తెరిచి చూపించాలట.