అద్దెకిచ్చిన బ్యాంకు ఖాతా

కళాశాలల్లో జరిగే సైబర్ భద్రత అవగాహన సదస్సులకు అధ్యాపకుడిగా నేను తరచూ హాజరవుతుంటాను. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (యాప్) ఫైళ్లు తెరవవద్దని, డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదని అక్కడ చెప్పేవన్నీ తెలియవలసినవే. (హ్యాకర్‌కు గుర్తుగా వేసే, ముఖం కనబడని టోపీ మనిషి బొమ్మ లేని స్లైడు మాత్రం ఇంతవరకు నా కంటబడలేదు.) అయితే ఆ ఉపన్యాసాలు విద్యార్థిని మోసపోయేవాడిగానే చూస్తాయి తప్ప, మోసగాళ్ల చేతిలో పనిముట్టుగా మారే విద్యార్థి ఊసెత్తవు.

"ఖాతా ఇస్తే చాలు, లావాదేవీకింత కమీషన్" అనే బేరం తెచ్చేది చాలాసార్లు ఏ సీనియరో, రూమ్మేట్ స్నేహితుడో. గేమింగ్ డబ్బనో, పన్ను ఇబ్బంది అనో చెప్పి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్ వివరాలతోపాటు ఖాతాకు జతచేసిన సిమ్మును కూడా పట్టుకుపోతాడు. సిమ్ అడిగినప్పుడైనా అనుమానం రావాలి, ఎందుకంటే ఆపైన ఓటీపీలన్నీ అతనికే వెళతాయి.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో చేసే డిజిటల్ అరెస్టు బెదిరింపులకు భయపడి ఒక విశ్రాంత ఉద్యోగి పంపిన సొమ్ము ముందుగా ఇలాంటి మ్యూల్ ఖాతాలో, అంటే మోసపు సొమ్ము దాటించడానికి వాడుకునే ఇతరుల ఖాతాలో, పడి, నిమిషాల్లో ముక్కలై ఇతర ఖాతాలకు, అక్కడినుంచి నగదుగానో క్రిప్టోగానో దాటిపోతుంది. బాధితుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాక పోలీసులు ఆ సొమ్ము జాడ పట్టుకుని వెళితే మొదట దొరికేది కేవైసీలో (బ్యాంకుకిచ్చిన గుర్తింపు వివరాల్లో) ఉన్న విద్యార్థి పేరే. అసలు సూత్రధారి కంబోడియాలో ఉన్నా మయన్మార్‌లో ఉన్నా, ఆధార్, పాన్, ఫొటో మాత్రం మన కుర్రవాడివి. ఖాతా స్తంభించి, అందులో జమయిన స్కాలర్‌షిప్ చిక్కుకుపోతుంది. తానెన్నడూ వెళ్లని రాష్ట్రం నుంచి పోలీసు నోటీసు రావచ్చు. కంప్యూటర్, ఫోన్ వంటివాటి ద్వారా వేరొకరిగా నటించి మోసగించడానికి సంబంధించిన ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలోని 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తనకేమీ తెలియదని చెప్పుకుందామన్నా, తీసుకున్న కమీషన్ అడ్డం వస్తుంది. పైగా ఇలాంటి ఖాతాలను పసిగట్టడానికి రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే కృత్రిమ మేధ సాధనాన్ని తయారుచేసింది కనుక, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ఖాతా బ్యాంకు దృష్టిలో పడే అవకాశముంది.

ఇప్పటికే ఖాతా ఇచ్చినవారు భయపడి చాట్లు చెరిపేస్తుంటారు. ఎవరు అడిగారో, ఏమని నమ్మించారో చూపగలిగేవి ఆ సందేశాలే కాబట్టి వాటిని భద్రపరచాలి. వెంటనే కార్డును, సిమ్మును బ్లాక్ చేయించి, బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా విషయం తెలియజేసి రసీదు తీసుకోవాలి. ఆపైన ఇంట్లోవారికి చెప్పి, వీలైతే ఒక న్యాయవాదిని వెంటబెట్టుకుని, నోటీసు వచ్చేదాకా ఆగకుండా సైబర్ క్రైమ్ పోలీసులను కలవాలి.