గాడి రోలర్ల దగ్గర

ఇవాళ స్కాట్లాండ్‌లోని ఈస్ట్ లోథియన్‌లో ఓ పాత నూర్పిడి కొట్టం. తలుపు తీయగానే ఎదురుగా నూర్పిడి యంత్రం, దాని ముందు రెండు గాడి రోలర్లు, అంటే పొడవునా గాళ్లున్న రోలర్లు.

పన, అంటే కోసిన పైరు మోపు, కట్టు విప్పి, బల్ల మీద పలచగా పరిచి, వెన్నులు ముందుకు ఉండేలా అందించాలి. రోలర్లు పట్టుకుంటాయి, వెనక గిర్రున తిరిగే డ్రమ్ముకు బిగించిన బద్దలు గింజను రాలగొడతాయి. కంగారుపడి ముద్దగా తోశారా, డ్రమ్ము మందగిస్తుంది. రాలని గింజ గడ్డితోనే పోతుంది. తడిసిన పన అయితే మరీ, డ్రమ్ముకే చుట్టుకుంటుంది.

1788లో స్కాట్లాండ్ మిల్లుల మేస్త్రీ ఆండ్రూ మీకిల్ పేటెంటు తీసుకున్నది ఈ పద్ధతికే. గింజను రుద్ది రాల్చడం కాదు, కొట్టి రాల్చడం. ఎంత చిన్న మార్పు!

గోడ అవతల, యంత్రాన్ని తిప్పే గుర్రాలు నడిచే గుండ్రటి షెడ్డు. గుర్రాలది నింపాది నడకే, డ్రమ్ముకు కావలసిన వేగమంతా పళ్ల చక్రాలదే.