గెడకు కళ్లుండవు

"మెవ్ ఫీల్యు, నువ్వు పుట్టి ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెట్టెక్కావా?"

మెవ్ ఫీల్యు అంటే మనం "నాయనా" అనడం లాంటిదే. బ్రెజిల్‌లో ఈ పరా రాష్ట్రం వాళ్లు తిట్టేటప్పుడు కూడా ఆ మాట వదలరు. నేను తయారుచేసిన కోత గెడతో మూడు అసాయీ పండ్ల గెలలు కోశాం. రెండు పచ్చివి. ఆ ఇంటావిడ వాటిని తెచ్చి, చెక్కల నేల మీద సరిగ్గా నా బూట్ల ముందు పెట్టి అడిగింది.

లేచి వచ్చేద్దామంటే ఏట్లో నీళ్లు తీసి ఉన్నాయి. ఇగరపె మిరి దగ్గర వాగుల్లో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. అది వచ్చేదాకా పడవ బురదలోంచి కదలదు. మూడు గంటలు ఆవిడ ఎదురుగానే కూర్చున్నాను.

నేను బెలేంలో ఒక చిన్న వర్క్‌షాపులో పని చేస్తాను. చిన్న రైతులకు కోత పరికరాలు తయారుచేయడం మా పని. అసాయీ మన ఈత చెట్టుకు దూరపు చుట్టంలా ఉంటుంది కానీ గుబురుగా పెరుగుతుంది. ఒక్కో దుబ్బులో నాలుగైదు కాండాలు, కొన్ని పదిహేను మీటర్లు కూడా దాటతాయి, నా రెండు అరచేతులూ చుట్టూ కలిసేంత సన్నం. పండు నేరేడు రంగులో, చిన్న గోళీకాయంత ఉంటుంది. అందులో చాలా భాగం గింజే, పైన గుజ్జు పలచటి పొర. కోసిన మర్నాటికల్లా పులుస్తుంది. అందుకే పగలు కోసిన పండు బుట్టలకెత్తి, రాత్రికి రాత్రి పడవల్లో తెల్లవారకముందే బెలేం వేర్ ఒ పేసు మార్కెట్‌కు చేరుస్తారు. కల్లు సంగతి తెలిసినవాడికి ఈ తొందర వివరించనక్కర్లేదు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో కేరళ కొబ్బరి యంత్రం గుర్తొచ్చింది. కాళ్లతో తొక్కుతూ ఎక్కుతారే, అది. దాన్ని సన్న కాండానికి సరిపడేలా కుదించాను. తొమ్మిది కిలోలు తూగింది. కోతకు పోయేవాడు దాన్ని పడవలో వేసుకుని, మోకాలి లోతు బురదలో మోసుకెళ్లి, ఒక కాండానికి బిగించి, ఎక్కి దిగి, విప్పి, పక్క కాండానికి మళ్లీ బిగించాలి. వాళ్ల దగ్గరున్నది పెకోన్య. గోనెసంచి పీలికతోనో, చెట్టు ఆకుతోనో మెలిపెట్టిన చుట్ట. రెండు పాదాలకూ తగిలించుకుని కప్పలా ఎగురుతూ పైకి పోతారు, నిమిషం కూడా పట్టదు. పైన గెల కోసి, దాన్ని చేత్తో పట్టుకునే, కాండాన్ని ఊపి పక్క కాండం మీదికి మారిపోతారు. ఇది మొదటిసారి చూసినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. రెండోసారి చూసినప్పుడు నా తొమ్మిది కిలోల యంత్రాన్ని తలచుకుని సిగ్గేసింది.

అందుకే గెడకు మారాను. పదకొండు మీటర్ల గొట్టం, కొసన కొడవలి, గెల కింద పడి చెదిరిపోకుండా పట్టుకునే కొక్కెం, దాన్ని మెల్లగా దించడానికి చిన్న కప్పీ, తాడు. వర్క్‌షాపు పెరట్లో అద్భుతంగా పనిచేసింది. తోటలో, ఆకాశం వెలుగుకు ఎదురుగా చూస్తే పచ్చి గెలా పండు గెలా ఒకేలా నల్లగా కనిపించాయి. పండు బాగా ముదిరితే పైన బూడిద చల్లినట్టు తెల్లటి పొర కడుతుంది. దాన్ని తుయిరా అంటారు, ధర దానికే. ఆ పొర దగ్గరికెళితే తప్ప తెలియదు.

"గెడకు కళ్లుండవు," అన్నాడు ఆవిడ భర్త. ఆయన మాట నాకు నొప్పి కలిగించలేదు, అది ఇంజనీరింగు విమర్శ. ఆవిడ ప్రశ్నే ముల్లులా దిగింది.

ఎందుకంటే, ఎక్కలేదు. గౌడుల ఇంట్లో పుట్టి ఎక్కలేదు. నాన్న ముప్పై ఏళ్లు తాళ్లెక్కాడు. ఒకసారి పడ్డాడు, ఇప్పటికీ కుడి కాలు ఈడుస్తాడు. నేను ఎనిమిదో తరగతిలో సరదాకు మోకు భుజాన వేసుకుంటే, "ఇంకోసారి ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా" అన్నాడు. ఆ మాట మీదే నేను ఇంజనీరు నయ్యాను. ఇదంతా పోర్చుగీసులో చెప్పేంత భాష ఉంది నాకు. నోరు రాలేదు. ఆవిడ మేనల్లుడు, పదిహేనేళ్లు ఉంటాయేమో, అప్పుడే చెట్టు దిగి మా పక్కన కూర్చున్నాడు. సన్న కాండాలు బరువైన మగవాళ్లను మోయవు, అందుకే ఇలాంటి పిల్లలు ఎక్కుతారు. వాడు ఎక్కకూడదనే కదమ్మా నా గెడ అని అడగాలనిపించింది. అడగలేదు. మా ఊళ్లో ఆ వయసుకు ఎక్కినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ మాత్రం అప్పటికే ఆ సంగతి మరిచిపోయింది. గిన్నెలో చిక్కటి అసాయీ పోసి, వేయించిన చేప, కర్రపెండలం రవ్వ పెట్టింది. చక్కెర అడిగాను. ముద్దపప్పులో చక్కెర వేసుకునేవాణ్ణి చూసినట్టు చూశారు అందరూ.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు, చెట్టు మీదనుంచి పడకుండా పట్టుకునే తాళ్ల కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో ఆ వీడియో చూసి, ఇంకా మనిషినే ఎక్కిస్తున్నారే అని విసుక్కున్నాను. ఆ మధ్యాహ్నం చేప ముల్లు తీసుకుంటూ ఉంటే అది వేరేగా కనిపించింది. అక్కడ ఎక్కేది మనిషే, పట్టుకునేది తాడు. నేను నాలుగేళ్లుగా మనిషినే చెట్టు మీదనుంచి తీసేద్దామని చూస్తున్నాను, వాడి కళ్లతో సహా.

పోటు వచ్చింది. పడవ ఎక్కబోతుంటే ఆయన గెడ కొసనున్న కప్పీని, తాడును చూపించి, "ఇది ఒక్కటీ ఉంచి వెళ్తావా? పైనుంచి గెలలు దించుకుంటాం, చెయ్యి ఖాళీగా ఉంటుంది" అన్నాడు. విప్పి ఇచ్చాను. మిగతా గెడ పడవ పొడవునా అడ్డం పడి దారంతా అందరి మోచేతులకూ తగిలింది.

ఆ రాత్రి నాన్నకు ఫోను చేశాను. నా యంత్రం గురించి ఈ నాలుగేళ్లలో ఒక్క ప్రశ్న వేయని మనిషి, పెకోన్య సంగతి చెప్పగానే వరుసగా అడిగాడు. చెట్టు ఎంత లావు? తాడు దేనితో చేస్తారు? తడిస్తే జారదా?

"నడుముకు మోకు లేదా?"

"లేదు నాన్నా. కాళ్లకే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అంత సన్నమైతే కాళ్లకు గుజి చాల్లే," అన్నాడు. "కానీ చేతిలో గెల పట్టుకుని పక్క చెట్టుకు పోతారన్నావే, అదెట్లా? మళ్లీ చెప్పు."